మూడిళ్ళ ముద్ద

అనగనగా గోదారి నడుమ ఒక లంక. లంకంటే రావణుడి లంక కాదే చిట్టితల్లీ! చుట్టూ ఏరు, మధ్యలో ఇసక నేల, ఆ నేల నిండా అరటితోటలు. అదీ లంకంటే. ఊఁ కొడుతూ వినాలి మరి. నువ్వు ఊఁ అనడం ఆపావంటే కథ కూడా అక్కడే ఆగిపోతుంది.

ఆ లంకలో రేవు పక్కన మూడంటే మూడే ఇళ్ళు. మొదటింట్లో మంగాయమ్మ. పక్కింట్లో పేరిందేవి. చివరింట్లో పడవ నడిపే వెంకన్న పెళ్ళాం సత్తెమ్మ. మిగతా ఊరంతా లంకకి ఆ కొసన ఉండేది. వానలు పడ్డాయంటే మధ్యలో పాయ పొంగేది, ఈ మూడిళ్ళూ విడిగా మిగిలిపోయేవి.

మంగాయమ్మా పేరిందేవీ తోడికోడళ్ళు. అంటే అన్నదమ్ముల పెళ్ళాలన్నమాట. పేరిందేవి పెద్దది, మంగాయమ్మ చిన్నది. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, అదీ భుజం ఎత్తు. ఇటు తుమ్మితే అటు నుంచి 'చిరంజీవ' అనొచ్చు. కానీ అనేవాళ్ళు కాదు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకో చెప్పనా? ఒకసారి వాళ్ళింట్లో శుభకార్యం జరిగింది. పేరిందేవి రెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వండింది. భోజనాల బంతిలో నలభై మంది కూర్చున్నారు. అప్పుడు మంగాయమ్మకి నోటి దురద పుట్టింది. "మా అక్కాయ్ అరిసెలు తినాలంటే పళ్ళు చాలవండీ, సుత్తి తెచ్చుకోవాలి" అంది. నలభై మందీ పకపకా నవ్వారు. పేరిందేవి మాత్రం నవ్వలేదు. చేతిలో పళ్ళెం కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

మంగాయమ్మ చెడ్డదేం కాదు. ఆవిడకి నోరు ముందు, ఆలోచన తర్వాత. ఆ సాయంత్రమే 'తప్పయిందక్కా' అందామనుకుంది. సరే, రేపు అందాంలే అనుకుంది. ఆ రేపు కాస్తా ఎల్లుండయింది. ఆ తర్వాత నెలయింది, ఏడాదయింది. ఆ ఒక్క మాటా గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది. పైకి రాదు, లోపలికి పోదు. అక్కంటే ఆవిడకి ప్రాణం. కొత్తకోడలిగా వచ్చినప్పుడు తల దువ్వి జడేసింది పేరిందేవే మరి. గోడ అవతల గాజుల చప్పుడు వినబడినప్పుడల్లా మంగాయమ్మకి కళ్ళు చెమర్చేవి.

అప్పుడు, ఒక ఆషాఢ పున్నమి నాడు, వెంకన్న పడవలోంచి ఒక సన్యాసి దిగాడు. గుండు, కావిగుడ్డ, చేతిలో ఎండిన ఆనపకాయ బుర్రతో చేసిన గిన్నె. పేరు తృప్తానంద స్వామి.

సన్యాసులు ఒక ఊళ్ళో నిలవరు, తిరుగుతూనే ఉంటారు. కానీ వానాకాలం వస్తే మాత్రం ఒక్కచోటే ఉండిపోతారు. దాన్ని చాతుర్మాస్యం అంటారు. ఎందుకో తెలుసా? వానలకి నేల నిండా చిన్న చిన్న మొలకలు లేస్తాయి, చీమలూ పురుగులూ బయటికొస్తాయి. నడిస్తే కాలి కింద పడి నలిగిపోతాయని. చూశావా ఎంత జాగ్రత్తో!

స్వామి రేవు దగ్గరున్న పడవల పాకలో దిగాడు. ఆ సాయంత్రం ముగ్గురాడవాళ్ళూ దణ్ణం పెట్టడానికి వెళ్ళారు. మంగాయమ్మ ఈ మూల కూర్చుంది, పేరిందేవి ఆ మూల కూర్చుంది. సత్తెమ్మ పాపం మధ్యలో కూర్చుంది. "తమరు సన్యాసం ఎందుకు పుచ్చుకున్నారు సామీ?" అని అడిగింది.

స్వామి నవ్వాడు. "చిన్నప్పుడు నేను పెద్ద తిండిపోతునమ్మా. ఎక్కడ సన్నాయి వినబడినా సరే, ఎవరి పెళ్ళో అడక్కుండా బంతిలో కూర్చునేవాణ్ణి. ఒకసారి బూరెల కోసం ఒకే పెళ్ళిలో మూడు బంతులు తిన్నాను. రెండోసారి తలపాగా చుట్టుకెళ్ళాను. మూడోసారి పెట్టుడు మీసం పెట్టుకెళ్ళాను. బూరెల మీద పోసిన నేతికి తడిసి మీసం ఊడి విస్తట్లో పడింది."

సత్తెమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మంగాయమ్మా నవ్వింది. పేరిందేవి కూడా నవ్వింది గానీ, మంగాయమ్మ చూస్తుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ సిగ్గుతో గురువుగారి దగ్గరికి పోయి కావి కట్టాను. కానీ కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే దేవుడు రాలేదమ్మా, గుత్తివంకాయ కూర వచ్చింది. అప్పుడు గురువుగారు నాకొక్కటే నియమం పెట్టారు. రోజూ మూడిళ్ళకి వెళ్ళాలి. ఇంటికి ఒక్క గరిటె. అంతా ఒకే గిన్నెలో పట్టాలి, కలిపి ముద్ద చెయ్యాలి, తినాలి. బాగుందని అనకూడదు, బాగోలేదనీ అనకూడదు. ఇరవై ఏళ్ళయింది."

నవ్వకే, నువ్వు కళ్ళు మూసుకుంటే జున్ను రాదేంటి? సరే విను.

మర్నాడు పొద్దున స్వామి మొదటింటి ముందుకొచ్చి 'నారాయణ, నారాయణ, నారాయణ' అని మూడుసార్లు అన్నాడు. మంగాయమ్మ సంబరం ఇంతా అంతా కాదు. తెల్లారకముందే లేచి, కొత్త బెల్లం వేసి, యాలకులు దంచి, చిక్కగా పరవాన్నం వండింది. గరిటె నిండా తీసి గిన్నెలో వేసింది. స్వామి కదిలాడు.

ఆ తర్వాత మంగాయమ్మ బట్టలు ఉతుక్కోవడానికి రేవుకెళ్ళింది. అక్కడ ఆఖరి మెట్టు మీద స్వామి కూర్చుని ఉన్నాడు. గిన్నెలో మంగాయమ్మ పరవాన్నం. దాని మీద పేరిందేవి పెట్టిన గోంగూర పచ్చడి అన్నం. దాని మీద సత్తెమ్మ వేసిన వట్టన్నం. స్వామి చెయ్యి పెట్టి అన్నీ కలిపేశాడు! ఎర్రెర్రగా, తీపిగా, పుల్లగా, కారంగా ఒక ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆయన చెవులు కదిలాయి. తర్వాత మళ్ళీ చిరునవ్వు.

మంగాయమ్మ చేతిలో బట్టలు జారిపోయాయి. "అయ్యో, నా పరవాన్నం!" అని గుండెలు బాదుకుంది. "సామీ, తమరు మా ఇంట్లోనే తినెయ్యండి. మూడు గరిటెలూ నేనే పెడతాను. కావాలంటే మూడు గుమ్మాల్లోంచి వచ్చి పెడతాను."

"గుమ్మాలు మూడైనా పొయ్యి ఒకటేగా తల్లీ" అన్నాడు స్వామి. "మూడిళ్ళు అన్నారు గురువుగారు."

ఇంటికొచ్చి మంగాయమ్మ ఒకటే ఆలోచన. నాలుగు నెలలు ఇలా తీపిలో గోంగూర కలుపుకుని తింటే ఈయన ఏమైపోతాడు? రేపు నేనే సర్దుకుంటాను, గోంగూరలోకి గోంగూరే పెడితే గొడవ లేదు అనుకుంది. మర్నాడు రోలు ముందు కూర్చుని గోంగూర నూరింది.

కానీ సత్తెమ్మ ఊరుకుంటుందా! ఆవిడ అప్పటికే వెళ్ళి పేరిందేవితో రేవులో చూసిందంతా చెప్పేసింది. పేరిందేవి కూడా అయ్యో అనుకుంది. తీపిలోకి తీపే పెడితే గొడవ లేదు అనుకుంది. చక్కగా బెల్లం వేసి పరవాన్నం వండింది.

ఏమైందో చెప్పు? అంతే! గోంగూర ఇటొచ్చింది, పరవాన్నం అటెళ్ళింది. గిన్నెలో మాత్రం మళ్ళీ నిన్నటి ముద్దే. స్వామి చూసుకుని గట్టిగా నవ్వాడు. "ఈ రెండిళ్ళూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి, దారిలో తప్పిపోయాయి" అన్నాడు. చెవులు కదిలించి, ముద్ద తినేశాడు.

మూడో రోజు మంగాయమ్మకి భయం పట్టుకుంది. ఏం వండితే ఏం గొడవో! అసలు ఏమీ కలపకుండా పెడితే పోలా అని వట్టి తెల్లన్నం వండింది. అవతల పేరిందేవికీ అదే భయం, ఆవిడా తెల్లన్నమే వండింది. సత్తెమ్మది ఎలాగూ తెల్లన్నమే. పాపం స్వామి గిన్నెలో మూడు గరిటెల తెల్లన్నం. ఉప్పు కల్లు కూడా లేదు.

స్వామి మెట్టు మీద కూర్చుని అదీ తిన్నాడు. మంగాయమ్మ ఇక ఉండబట్టలేక దగ్గరికెళ్ళింది. "సామీ, కోప్పడండి. ఏదో ఒకటి అనండి. మీరేమీ అనకపోతే నాకు ఏడుపొస్తోంది."

"కోపం దేనికమ్మా? ఇవాళ ఇద్దరూ భయపడి వండారు. భయంతో వండితే అలాగే ఉంటుంది." అని స్వామి గిన్నె కడుక్కుంటూ, "పాపం, ఆ గోడకి రెండు వైపులా ఎంత మంచి వంటలో!" అన్నాడు.

ఆ మాట మంగాయమ్మకి సూటిగా తగిలింది. ఈ ముద్ద బాగుపడాలంటే అక్క ఏం వండుతోందో అడగాలి. అడగాలంటే నోరు విప్పాలి. విప్పితే ముందు ఆ పాత మాట చెప్పాలి. ఆ మాట రాదు. ఏం చెయ్యాలి?

అప్పుడు ఆవిడ కన్ను గోడ పక్కన కట్టేసిన గేదె మీద పడింది. దాని పేరు నల్లమ్మ. మంగాయమ్మ దాని దగ్గరికెళ్ళి, గోడకి వినబడేలా గట్టిగా అంది. "ఏమే నల్లమ్మా! నీ పాల మీద మీగడ ఎంత మందంగా కట్టిందే! రేపు స్వామి గిన్నెలో ఆ మీగడన్నమే వేస్తానే! అందులోకి వేడి వేడి ఉలవచారు పడితే ఎంత బాగుండునే! కానీ ఉలవచారు కాచడం నాకేం చాతనవుతుంది?"

గేదె తల తిప్పి చూసింది. దానికి ఉలవలంటే దాణా అని తెలుసు, చారు సంగతి తెలీదు.

గోడ అవతల రుబ్బురోలు తిరగడం ఆగింది. పేరిందేవి గొంతు వినబడింది, రోలుతో. "చూశావా రోలూ! ఉలవచారు కాచడం ఈ లంకలో ఎవరికి వచ్చో కొందరికి ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందే!"

మంగాయమ్మ గేదె మెడ పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. పదకొండేళ్ళ తర్వాత అక్క తన మాటకి బదులు చెప్పింది. రోలుకే చెప్పింది, అయితేనేం!

మర్నాడు స్వామి గిన్నెలో సత్తెమ్మ అన్నం, మంగాయమ్మ మీగడ, పేరిందేవి ఉలవచారు. స్వామి కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెవులు కదల్లేదు. కళ్ళు మాత్రం వాటంతటవే మూతపడ్డాయి.

ఆ రోజు మొదలు గేదెకీ రోలుకీ తీరిక లేదు. "నల్లమ్మా, రేపు కందిపొడే!" అని ఇటు. "రోలూ, అయితే నెయ్యి కాచి పెట్టాలన్నమాట!" అని అటు. "నల్లమ్మా, రేపు పెరుగన్నమే!" అని ఇటు. "రోలూ, మాగాయ జాడీ దింపాలే!" అని అటు. సత్తెమ్మ వీధిలోంచి పోతూ, "ఏంటమ్మా, గొడ్డుకీ బండకీ వంట నేర్పుతున్నారు? నా పడవకి కూడా నేర్పండి" అని ఎగతాళి చేసేది. స్వామి బుగ్గలు నిండాయి. పాకలోంచి భజన ఇంకాస్త హుషారుగా వినబడేది.

కానీ ఒకటుంది. రోలు జవాబు చెప్పేదే గానీ, ముందుగా ఎప్పుడూ పలికేది కాదు. మొదటి మాట ఎప్పుడూ గేదెదే. అది పేరిందేవి పట్టుదల. మొదట గాయపడింది తను కదా!

ఆ తర్వాత భాద్రపదంలో పెద్ద ముసురు పట్టింది. మూడు రోజులు ఆగకుండా వాన. గోదారి ఎర్రగా ఉబ్బింది. పెరట్లోకి నీళ్ళొస్తాయని మంగాయమ్మ మొగుడు గేదెని తోలుకెళ్ళి మెరక మీద కట్టేశాడు.

సాయంత్రం మంగాయమ్మ గోడ దగ్గరికొచ్చింది. రాట ఉంది, గేదె లేదు. అవతల రోలు తిరుగుతోంది, నెమ్మదిగా, ఎదురుచూస్తున్నట్టు. మంగాయమ్మ నోరు తెరిచింది. 'అక్కా' అందామనుకుంది. 'అ...' అని వచ్చింది, అంతే, మిగతాది రాలేదు. వానలో తడుస్తూ కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. అవతల రోలు కూడా ఆగిపోయింది.

తెల్లారింది. పొయ్యి ముందు కూర్చుని మంగాయమ్మ ఆలోచించింది. ముసురు పట్టిన రోజు అక్కకి దేని మీదకి పోతుంది మనసు? గుమ్మడికాయ ముక్కలూ ఆనపకాయ ముక్కలూ వేసి పులుసు పెడుతుంది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు పెట్టలేదు తనకి! అందులోకి ముద్దపప్పు ఉండాలి. కంది పప్పు వేయించి, మెత్తగా ఉడికించింది. మనసంతా గోడ అవతలే ఉంది. ఉప్పు వేశానా లేదా అని కూడా చూసుకోలేదు.

గోడ అవతల పేరిందేవికీ మనసు మనసులో లేదు. చెల్లి మాట వినబడలేదు. వానకి జ్వరమేమైనా వచ్చిందా? ముసురు రోజు అది ముద్దపప్పు తప్ప ఇంకేం తినదు అనుకుని పులుసు పొయ్యి మీద పెట్టింది. ఉప్పు వేసింది. గోడ వంక చూసింది. మళ్ళీ ఉప్పు వేసింది.

స్వామి తాటాకు గొడుగేసుకుని వచ్చాడు. మూడిళ్ళ ముందూ నారాయణ అన్నాడు, మూడు గరిటెలూ పట్టాడు. రేవు మెట్లన్నీ మునిగిపోయాయి కదా, అందుకని సత్తెమ్మ అరుగు మీదే కూర్చున్నాడు. గిన్నెలోకి చూశాడు. ముద్దపప్పు, ముక్కల పులుసు, వేడన్నం. కలిపాడు. ముద్ద చేసి నోటి దాకా తీసుకెళ్ళి, ఆగిపోయాడు.

"మంగాయమ్మ తల్లీ! పేరిందేవమ్మా! ఒకసారి ఇలా రండి" అని పిలిచాడు.

ఇద్దరూ గాభరాగా వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అరుగు ముందు నిలబడ్డారు. సత్తెమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది.

"పప్పు ఎవరిది?" అన్నాడు స్వామి.

"నాది సామీ" అంది మంగాయమ్మ.

"పులుసు?"

"నాదండీ" అంది పేరిందేవి.

"మరి ఇన్నాళ్ళుగా నా గిన్నెలోకి వస్తున్న ఈ రుచి ఎవరిది? పప్పులో లేదు, పులుసులో లేదు, అన్నంలోనూ లేదు. ఏ ఒక్కరిదీ కాదు. నాదీ అని పట్టుకోవడానికి లేని రుచి, అందుకే నా నాలుకని అది కట్టిపడెయ్యలేదు. ఇరవై ఏళ్ళ నుంచి నాకు అర్థం కాని గురువుగారి నియమం మీ గోడ దగ్గర అర్థమైంది తల్లీ. అయితే బాగుందో బాగోలేదో నేను అనకూడదు కదా. మీరే తిని చెప్పండి. చేతులు పట్టండి."

స్వామి గిన్నెలోంచి ఒక ముద్ద తీసి మంగాయమ్మ చేతిలో పెట్టాడు. ఒక ముద్ద పేరిందేవి చేతిలో పెట్టాడు. సత్తెమ్మ కూడా చెయ్యి చాపింది, ఆవిడకీ ఒకటి పెట్టాడు. పదకొండేళ్ళ తర్వాత ఆ ఇద్దరూ ఒకే గిన్నెలోది తిన్నారు.

చూరు మీంచి వాన నీళ్ళు పడుతున్నాయి. పేరిందేవి ముద్ద మింగింది. మెల్లగా తల తిప్పింది.

"మంగా, పప్పులో ఉప్పు తగ్గిందే" అంది.

సత్తెమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. అయిపోయింది, ఇంకో పదకొండేళ్ళు అనుకుంది.

మంగాయమ్మ ముక్కుపుటాలు ఎగిరాయి. నోరు తెరిచింది కూడా. అప్పుడు తట్టింది ఆవిడకి. అక్క ఈ మాట రోలుతో అనలేదు. మంగా అంది. తన పేరు పెట్టి, తన కళ్ళలోకి చూసి అంది. మంగాయమ్మ కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారాయి. ఏడుస్తూనే నవ్వింది.

"తగ్గిందక్కాయ్! నీ పులుసులో ఎక్కువైంది. రెండూ కలిసి సరిపోయాయి!"

పేరిందేవి ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. ఆ నవ్వు చూడగానే మంగాయమ్మ గొంతులోంచి ఆ మాట దానంతటదే జారిపోయింది. "తప్పయిందక్కా! ఆ రోజు నలభై మంది ముందు నేను అలా అనకూడదక్కా!"

"ఆ నలభై మందీ కడుపు నిండా తిని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారే పిచ్చిమొహమా" అంది పేరిందేవి, కొంగుతో చెల్లి కళ్ళు తుడుస్తూ. "ఇక్కడ మిగిలింది మనిద్దరమేగా!"

ఆ తర్వాత వానలు వెలిశాయి. నేల మీద మొలకలు ఎదిగి మొక్కలయ్యాయి, ఏరు తేటబడింది. కార్తీక పున్నమి వెళ్ళాక స్వామి మళ్ళీ పడవెక్కాడు. ముగ్గురాడవాళ్ళూ రేవుకొచ్చి దణ్ణం పెట్టారు, పడవ మలుపు తిరిగేదాకా చూశారు. తిరిగొచ్చేటప్పుడు మంగాయమ్మా పేరిందేవీ దారి పొడుగునా పోట్లాడుకుంటూనే వచ్చారు, మధ్యాహ్నానికి ఏం వండాలో తేలక. ఆ పోట్లాట లంకకి ఆ కొస దాకా వినబడిందట!

కథ కదిలి కంచికెళ్ళింది,
పడవ కదిలి గట్టుకెళ్ళింది,
కునుకొచ్చి కంటికెక్కింది,
మన పయనం ఇంటికొచ్చింది.